నెలకు 99 రూపాయల అన్‌లిమిటెడ్ హోస్టింగ్: ఆ ఫార్వర్డ్‌కు జవాబు

కొత్తగా వెబ్‌సైట్ పెట్టాలనుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "నెలకు 99 రూపాయలకే అన్‌లిమిటెడ్ హోస్టింగ్. నాలుగైదు కంపెనీలు పోల్చి, స్టార్లు ఎక్కువున్నది నాలుగేళ్లకు కొనేయండి. 99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ. బ్యాకప్ వాళ్లే చూసుకుంటారు. డొమైన్ ఫ్రీ. ఇక టెన్షన్ లేదు."

హోస్టింగ్ అంటే మీ సైట్ ఫైళ్లు ఉంచడానికి సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకోవడం; డొమైన్ అంటే సైట్ పేరు, అడ్రసు. చవక హోస్టింగ్‌తో నాకేం పేచీ లేదు. పచ్చళ్ల షాపుకో, ట్యూషన్ సెంటర్‌కో, కవితల బ్లాగుకో అది చాలు. పేచీ అంతా ఈ మెసేజ్‌తోనే.

"నెలకు 99 రూపాయలే"

నెలకు 99 కట్టనిచ్చే కంపెనీ దాదాపు ఉండదు. బిల్లు పేజీ తెరవగానే 48 నెలల ప్లాన్ ముందే సెలెక్ట్ అయి ఉంటుంది. 99 చొప్పున 48 నెలలకు 4,752, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 5,607 రూపాయలు. అదంతా ఒకేసారి కట్టాలి. ధర కింద బూడిద రంగు సన్నక్షరాల్లో రెన్యువల్ రేటు ఉంటుంది. అది మొదటి రేటుకు మూడు నాలుగు రెట్లు ఉండటం ఈ వ్యాపారంలో మామూలే. పోల్చాల్సింది ఆ సన్నక్షరాల అంకెను. కింద టిక్ పెట్టి ఉన్న సెక్యూరిటీ, బ్యాకప్ ప్యాకేజీల్లో అక్కర్లేనివి తీసేశాకే పే బటన్ నొక్కండి.

"అన్‌లిమిటెడ్"

డిస్క్ స్పేస్‌కు హద్దు లేదంటారు, ఫైళ్ల సంఖ్యకు మాత్రం పెడతారు. ఇనోడ్ లిమిట్ అంటే అదే. అంతకంటే ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. చాలామంది సైట్లు కలిసి ఉండే షేర్డ్ సర్వర్లలో చాలాచోట్ల క్లౌడ్‌లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. అది ఒక్కో ఖాతాకు ఇంత సీపీయూ, ఇంత మెమరీ, ఒకేసారి ఇన్ని ప్రాసెస్‌లు అని కోటా వేస్తుంది. మామూలు రోజుల్లో ఆ సంగతి మీకు తెలియదు. చిన్న న్యూస్ సైట్ నడుపుతున్నారనుకోండి. ఓట్ల లెక్కింపు రోజు జిల్లా అంతా మీ సైట్ మీద పడుతుంది. అప్పుడు తెరమీద కనిపించేది '508 రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్', అంటే మీ కోటా అయిపోయిందని. సపోర్ట్‌ను అడిగితే పై ప్లాన్‌కు మారమంటారు. కాబట్టి కొనేముందు చాట్‌లోనే అడగండి: ఎంట్రీ ప్రాసెస్‌లు (ఒకేసారి నడిచేవి) ఎన్ని, ఇనోడ్‌లు ఎన్ని? అంకె చెప్పకుండా "డోంట్ వర్రీ సర్" అన్నారంటే ఆ కంపెనీ సంగతి మీకు అర్థమైనట్టే.

"నాలుగైదు కంపెనీలు పోల్చండి"

వినడానికి బాగానే ఉంది. కానీ మీరు పోల్చేవి నిజంగా వేర్వేరు కంపెనీలేనా? ఎండ్యూరెన్స్ ఇంటర్నేషనల్ గ్రూప్ అనే అమెరికా సంస్థ 2010లో బ్లూహోస్ట్‌ను, 2012లో హోస్ట్‌గేటర్‌ను కొంది. 2014లో ముంబయి డైరెక్టి గ్రూపు నుంచి బిగ్‌రాక్, రీసెల్లర్‌క్లబ్‌లను కొంది. పేర్లు, లోగోలు అలాగే ఉంచింది. కస్టమర్‌కు నాలుగు కొట్లు కనిపిస్తాయి, గల్లాపెట్టె మాత్రం ఒక్కటే. 2013 ఆగస్టు 2న అమెరికాలోని యూటా రాష్ట్రంలో ప్రోవో డేటా సెంటర్‌లో, అంటే సర్వర్లుండే భవనంలో, సమస్య వస్తే బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, హోస్ట్‌మాన్‌స్టర్, జస్ట్‌హోస్ట్ అన్నీ ఒకేసారి పడిపోయాయి. ఒకదానిమీద కోపంతో ఇంకోదానికి మారినవాళ్లకు ఆరోజు అసలు సంగతి తెలిసొచ్చి ఉంటుంది. 2021లో ఆ గ్రూపు వెబ్.కామ్‌తో కలిసి న్యూఫోల్డ్ డిజిటల్ అయింది.

అలాగని "ఆ గ్రూపు పేరు కనిపిస్తే పారిపోండి" అనే ఎదురు ఫార్వర్డ్‌నూ నేను ఒప్పుకోను. కంపెనీల పేరుప్రతిష్ఠలు మారుతుంటాయి. ఉచిత హోస్టింగ్ ఇచ్చిన 000వెబ్‌హోస్ట్ నుంచి 2015లో కోటీ 30 లక్షలకు పైగా ఖాతాల వివరాలు బయటికి పోయాయి. పాస్‌వర్డ్‌లు ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆ సంగతి కంపెనీ చెవిన వేయడానికి భద్రతా పరిశోధకుడు ట్రాయ్ హంట్ నానా తంటాలు పడ్డారు. దాని సోదర సంస్థ హోస్టింగర్‌లో 2019 ఆగస్టులో చొరబాటు జరిగినప్పుడు కంపెనీయే ఆ విషయం ప్రకటించి, కోటీ 40 లక్షల మంది పాస్‌వర్డ్‌లు రీసెట్ చేసింది. ఇల్లు ఒకటే, నాలుగేళ్లలో నడత వేరు. దొంగలు పడని కంపెనీ కోసం వెతికితే దొరకదు. పడ్డాక ఏం చేసిందో చూడాలి.

"స్టార్లు చూసి కొనండి"

ఆ స్టార్లు చాలావరకు ఎవరు ఇస్తున్నారు? బ్లూహోస్ట్ అఫిలియేట్‌లకు, అంటే తమ లింక్ ద్వారా కొనిపించేవాళ్లకు, ఒక్కో అమ్మకానికి 65 డాలర్ల కమిషన్ చాలాకాలం నడిచింది. అంటే మీరు నాలుగేళ్లకు కట్టే డబ్బుకు దాదాపు సమానం. "టాప్ 10 హోస్టింగ్" వీడియోలో మొదటి స్థానం ఎవరికి దక్కుతుందో వేరే చెప్పాలా? మీకొచ్చిన ఫార్వర్డ్‌లో లింక్ చివర 'aff' అనో 'ref' అనో తోక ఉందేమో చూడండి. ఉంటే, పంపిన అన్నయ్యకు కూడా అందులో వాటా ఉన్నట్టే. కమిషన్ తీసుకోవడం తప్పని నేననను, చెప్పకపోవడమే తప్పు. రివ్యూలు చదవాలంటే ఒక్క స్టార్‌వి చదవండి. వాటిలోనూ తిట్లు వదిలేసి, రెన్యువల్, రిఫండ్, బ్యాకప్ అనే మాటలు ఎన్నిసార్లు వస్తున్నాయో గమనించండి.

"99.9 శాతం గ్యారంటీ"

అప్‌టైమ్ అంటే సైట్ పనిచేస్తూ ఉండే సమయం. ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాలు సైట్ పడిపోయినా ఆ గ్యారంటీ తప్పినట్టు కాదు. తప్పితే ఇచ్చేది ఆ నెల అద్దెలో కొంత క్రెడిట్. 99లో ఎంత వస్తుందో మీరే లెక్కేసుకోండి.

"బ్యాకప్ వాళ్లే చూసుకుంటారు"

ఈ మెసేజ్‌లో నిజంగా ప్రమాదకరమైనది ఇదొక్కటే. మిగతావాటిలో పోయేది డబ్బు, ఇక్కడ పోయేది సైటే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి నిలువునా కాలిపోయింది. ఓవీహెచ్ చిన్న కంపెనీ కాదు, యూరప్‌లోని పెద్ద సంస్థల్లో ఒకటి. అదనంగా డబ్బు కట్టి బ్యాకప్ తీసుకున్న ఒక కస్టమర్‌కు తర్వాత తెలిసింది, ఆ కాపీలు కూడా కాలిన భవనంలోనే ఉన్నాయని. ఆ కస్టమర్‌కు పరిహారం కట్టమని 2023లో లీల్ వాణిజ్య కోర్టు తీర్పిచ్చింది. కోర్టు డబ్బు ఇప్పించగలదు, పోయిన డేటాను తెప్పించలేదు. చవక ప్లాన్ల షరతుల్లోనైతే "బ్యాకప్ బాధ్యత కస్టమర్‌దే" అన్న ముక్క తరచూ కనిపిస్తుంది. నెలకోసారి డేటాబేస్ (సైట్‌లోని రాతలు, వివరాలు దాచే చోటు), ఫైళ్లు రెండూ దించుకుని మీ కంప్యూటర్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి పెట్టుకోండి. ఎప్పుడైనా దాన్ని తెరిచి, మళ్లీ సైట్‌గా లేస్తుందో లేదో చూడండి.

"డొమైన్ ఫ్రీ"

మొదటి ఏడాదికే ఫ్రీ. 30 రోజుల్లో వద్దనుకుంటే రిఫండ్‌లోంచి దాని ధర కోసుకోవడం మామూలే. డొమైన్ వేరేచోట కొనుక్కుంటే హోస్టింగ్ మార్చడం తేలిక. ఒకే దగ్గర ఉన్నా భయం లేదు. డాట్ కామ్ లాంటివాటికి డొమైన్‌ను వేరే కంపెనీకి మార్చుకోవడానికి మీరు ట్రాన్స్‌ఫర్ కోడ్ అడిగితే 5 రోజుల్లోపు ఇవ్వాలన్నది డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నియమం. కాకపోతే అడిగే హక్కు డొమైన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే. ఇవాళే లాగిన్ అయి, రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) అన్నచోట మీ పేరు, మీ ఈమెయిల్ ఉన్నాయో, సైట్ చేసిపెట్టిన కుర్రాడివి ఉన్నాయో చూసుకోండి. అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చాక ఫోన్ ఎత్తకపోవచ్చు.