పన్నుకు దొరికే అడ్రసు, బాకీ తీర్చడానికి దొరకదా?

అమెరికాలో చదువుకోడానికి వెళ్లిన తెలుగు పిల్లలకు మొదటి కొన్నేళ్లు ఇళ్లు మారడంతోనే సరిపోతుంది. డాలస్‌లో నలుగురితో కలిసి ఒక అపార్ట్‌మెంట్, ఉద్యోగం వచ్చాక న్యూజెర్సీ, ప్రాజెక్టు మారితే మరో ఊరు. క్రెడిట్ హిస్టరీ ఉండదు కాబట్టి కరెంటు కనెక్షన్‌కు కూడా డిపాజిట్ అడుగుతారు. ఖాళీ చేశాక ఆ డిపాజిట్, ఇంటి అడ్వాన్సులో మిగిలింది, ఒక్కోసారి పాత కంపెనీ ఆఖరి జీతం కూడా చెక్కుగా పాత అడ్రసుకే వెళ్తాయి. తీసుకునేవాళ్లు అక్కడ ఉండరు.

ఆ డబ్బును కంపెనీ మింగేయడానికి వీల్లేదు. గడువు దాటగానే ‘అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ’ (యజమాని తీసుకోని సొమ్ము) కింద రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాలి. ఆ గడువు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు, జీతాలకైతే చాలా రాష్ట్రాల్లో ఏడాదే. ఏ రాష్ట్రానికి ఇవ్వాలన్నది 1965లోనే సుప్రీంకోర్టు టెక్సాస్, న్యూజెర్సీల కేసులో తేల్చింది. కంపెనీ రికార్డుల్లో మీ ఆఖరి అడ్రసు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి, అడ్రసే లేకపోతే కంపెనీ రిజిస్టరైన రాష్ట్రానికి. దేశంలోని కంపెనీల్లో చాలావాటికి పుట్టిల్లయిన బుల్లి రాష్ట్రం డెలావర్‌కు ఇది పెద్ద ఆదాయ వనరైంది అందుకే. డబ్బు పంపే కంపెనీ మనీగ్రామ్ చెక్కుల తాలూకు 25 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము మాదంటే మాదని చాలా రాష్ట్రాలు డెలావర్‌తో కొట్లాడితే, 2023లో తీర్పు డెలావర్‌కు వ్యతిరేకంగా వచ్చింది. అసలు యజమానుల ఊసు మాత్రం ఆ గొడవలో పెద్దగా వినపడలేదు.

ఈ సొమ్మును చూసే రాష్ట్ర ప్రభుత్వ విభాగాల జాతీయ సంఘం లెక్కలో అమెరికాలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఇలాంటి డబ్బు రావాల్సి ఉంది. క్లెయిమ్‌కు చాలా రాష్ట్రాల్లో గడువు లేదు, ఫీజూ లేదు. చట్టం మంచిదే. కానీ అడిగితేనే ఇస్తారు. అడిగేదాకా ఆ సొమ్ము కాలిఫోర్నియా లాంటి చోట రాష్ట్ర ఖజానాలో కలిసి ఖర్చవుతుంది. పన్ను బాకీ పడితే మాత్రం నోటీసు మీ కొత్త అడ్రసును వెతుక్కుంటూ వస్తుంది.

ప్రభుత్వమే వెతికి ఇవ్వడం కుదరదనుకుందామా అంటే, ఇల్లినాయ్ చేసి చూపించింది. పన్నుల శాఖ దగ్గరున్న అడ్రసులతో పోల్చి చూసి, అర్హులకు అడక్కుండానే చెక్కు పంపుతోంది. పెన్సిల్వేనియా 2024లో చట్టం తెచ్చింది. యజమాని ఒక్కరే అయి, సొమ్ము 500 డాలర్ల లోపైతే ముందు ఉత్తరం, తర్వాత చెక్కు. మిగతా రాష్ట్రాలకు అడ్డొస్తున్నది టెక్నాలజీ అంటే నేను నమ్మను.

అప్పటిదాకా మనమే వెతుక్కోవాలి. తెలుగువాళ్లకు అందులో ఇంకో తిరకాసు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో మన పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) పడుతుంది. ఒక కంపెనీ దాన్ని అలాగే ఎక్కించుకుంటుంది, ఇంకోటి పేరును రెండుగా విరుస్తుంది, మూడోది సగంలో నరికేస్తుంది. చాలా రాష్ట్రాల సొమ్మును ఒకేచోట వెతికే మిస్సింగ్‌మనీ డాట్‌కామ్‌లోనో రాష్ట్ర ఖజానా చూసే ట్రెజరర్ లేదా కంప్ట్రోలర్ సైట్‌లోనో పేరు ఒక్క రకంగా కొట్టి ‘ఏమీ లేదు’ అనుకోవద్దు. ఇంటిపేరు ముందు, వెనక, ఇనీషియల్‌తో, ఎఫ్ఎన్‌యూతో, అన్ని రకాలుగా కొట్టి చూడాలి. మీరున్న ప్రతి రాష్ట్రంలోనూ విడిగా చూడాలి.

‘మీ డబ్బు ఇప్పిస్తాం, వాటా ఇవ్వండి’ అనే ఉత్తరాలూ వస్తుంటాయి. అందరూ మోసగాళ్లేం కాదు, కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో వాళ్ల వాటాకు 10 శాతం పరిమితి కూడా ఉంది. కానీ ఉచితంగా అయ్యే పనికి అదీ దండగే. ముందే డబ్బు కట్టమంటే మాత్రం కచ్చితంగా దూరంగా ఉండండి.

కంపెనీ ఇచ్చిన షేర్లను మర్చిపోయినవాళ్లకు అసలు దెబ్బ. ఆ ఖాతా రాష్ట్రానికి చేరాక చాలాచోట్ల షేర్లు అమ్మేస్తారు. తర్వాత ధర పదింతలైనా మీకొచ్చేది అమ్మిన నాటి డబ్బే. కాబట్టి షేర్లున్నవాళ్లు ఏడాదికోసారైనా ఆ ఖాతాలోకి లాగిన్ అవ్వాలి, అడ్రసు మార్చుకోవాలి.

ఇండియాకు తిరిగొచ్చేసినవాళ్ల దాకా ఇల్లినాయ్ పద్ధతి కూడా రాదు. ఆ రాష్ట్రంలో పన్ను కట్టడం మానేశాక పన్నుల శాఖ దగ్గరుండేదీ పాత అడ్రసే. ఒకవేళ చెక్కు హైదరాబాద్ చేరినా, డాలర్ల చెక్కును ఇక్కడి బ్యాంకులో మార్చుకోవడం ఇంకో టెన్షన్. విదేశీ బ్యాంకు ఖాతాకు నేరుగా పంపే ఏర్పాటు ప్రతి రాష్ట్రంలోనూ ఉంటే, అడిగి సాధించుకున్న డబ్బయినా చేతికందుతుంది.