ట్రైనింగ్ వాళ్ల ఊళ్లోనే ఉండాలి

కెనడాలో ఆదివాసీల చిన్నపిల్లల సంరక్షణ కేంద్రాలకు టీచర్లు దొరకడం లేదని మీరు రాశారు, నిజమే, కానీ ట్రైనింగ్ కోసం ఎక్కడో ఉన్న సిటీకి రమ్మంటే ఇంట్లో చంటిపిల్లలున్న ఆడవాళ్లు ఎలా వెళ్తారండీ? కెనడా రాష్ట్రమైన సస్కాచెవాన్‌లో మెడో లేక్ ట్రైబల్ కౌన్సిల్ అనే ఆదివాసీ మండలి 1989లోనే విక్టోరియా యూనివర్సిటీతో కలిసి కోర్సునే తమ దగ్గరికి తెచ్చుకుంది. యూనివర్సిటీ పాఠాలతో పాటు, క్రీ, డెనె తెగల వాళ్లు పిల్లల్ని ఎలా పెంచుతారో వాళ్ల పెద్దలే క్లాసుకొచ్చి చెప్పారు, అదీ సిలబస్‌లో భాగమే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఒకప్పుడు ప్రభుత్వం, చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లు ఆదివాసీ పిల్లల్ని అమ్మానాన్నలకి, ఇంటి భాషకి దూరం చేసిన చోట, బయటినుంచి వచ్చిన టీచర్ ఎంత మంచి మనిషైనా నమ్మకం అంత తేలిగ్గా కుదరదు. ఇక జీతం సంగతి, అది సరిగ్గా ఇవ్వకపోతే ట్రైనింగ్ అయినవాళ్లు కూడా సిటీ బాట పడతారు.