గాలి మనోభావాలు దెబ్బతిన్న వేళ

1957 చివర్లో అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య చేసిన ఘనకార్యానికి రావలసినంత పేరు రాలేదు. అనాదిగా మనుషుల మొహాన కొట్టే హక్కున్న గాలిని కొందరు రేసు బళ్ల ఇంజనీర్లు దర్జాగా పక్కకి తప్పిస్తుంటే, దాని మనోభావాలు పట్టించుకున్నది ఆ సమాఖ్య ఒక్కటే.

ఈ దుండగానికి పెద్ద అడ్డా ఇటలీలో, కోమో సరస్సు ఒడ్డున ఉన్న మాండెల్లో డెల్ లారియో. మోటో గుజ్జి కంపెనీ 1950లో అక్కడ విండ్ టన్నెల్ కట్టింది. అసలు బండినే లోపల నిలబెట్టి, రైడర్‌ని ఎక్కించి, ఎదురుగా గాలి వదిలి చూసేవారు. రేసు గెలవాలంటే ఇంజన్ పవర్ పెంచుకోవాలి గానీ ఈ గూఢచర్యం ఏమిటి? ఇంజనీరు జూలియో కార్కానోకి ఆపాటి ఇంగితం లేకపోయింది. ఒంటి సిలిండర్ 350 సీసీ బండిని నాలుగు సిలిండర్ల వాళ్ల మీదికి తోలాడు. గాలి సాఫీగా జారిపోవడానికి బండికి వేసే తొడుగుని ఫెయిరింగ్ అంటారు; ముందు చక్రాన్ని కూడా మింగేసే 'డస్ట్‌బిన్' ఫెయిరింగ్‌ని తేలికపాటి మెగ్నీషియం మిశ్రమంతో చేయించాడు. పెయింట్ వేస్తే బరువు పెరుగుతుందని ఆకుపచ్చ ప్రైమర్‌తోనే రేసుకి పంపాడు, పెళ్లికూతుర్ని నలుగుపిండితోనే పీటల మీద కూర్చోబెట్టినట్టు. అయినా 1953 నుంచి 1957 దాకా వరసగా ఐదేళ్లు 350 ప్రపంచ టైటిల్ గుజ్జీదే.

అటు 1957లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే టీటీ రేసులో రైడర్ బాబ్ మెకింటైర్, ఇలాంటి ఫెయిరింగే ఉన్న గిలెరా కంపెనీ బండి మీద, అక్కడ మొదటిసారి గంటకి 100 మైళ్ల సగటుతో ల్యాప్ తిరిగాడు. ఇంక ఉపేక్షిస్తే ఎలా?

పక్కగాలి ప్రమాదం నిజమేననుకోండి. అంత వెడల్పు రేకు మీద ఒక్క విసురు తగిలితే హ్యాండిల్ రైడర్ మాట వినేది కాదు. ఆకారం మార్చి చూడమని, కొలతలు బిగించి ఇంజనీర్లకే ఆ పని అప్పజెప్పవచ్చు. కానీ అది టెన్షన్‌తో కూడిన పని. నిషేధానికైతే ఒక కాగితం చాలు.

కాబట్టి 1958 నుంచి ముందు చక్రం బయటికి కనబడాలి. పక్కనుంచి చూస్తే రైడర్ కూడా కనబడాలి, ముంజేతులు తప్ప. ఆ ముంజేతుల మినహాయింపు మీద ఎంత మేధోమథనం జరిగిందో తలచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. గుజ్జి, గిలెరా, మోండియల్ కంపెనీలు 1957 సీజన్‌తోనే రేసుల నుంచి తప్పుకున్నాయి. అది ఖర్చుల గొడవ, దీనికి ముడిపెట్టకండి.

ఈ స్ఫూర్తి నేటికీ చావలేదు. డుకాటి కంపెనీ తన బళ్ల ఫెయిరింగ్‌కి తగిలించడం మొదలుపెట్టిన చిన్న రెక్కలు పక్క బళ్లకీ పాకేసరికి, 2017 నుంచి మోటోజీపీ ప్రపంచ రేసుల్లో వాటిని నిషేధించారు. కంపెనీలు వినయంగా తలూపి, రెక్క కొసని తిప్పి మళ్లీ ఫెయిరింగ్‌కే అతికించి తెచ్చాయి. కొస గాల్లో ఉంటే రెక్క, అతికితే ఫెయిరింగ్. అందరూ సంతృప్తి చెందారు.

ఇప్పుడిక రైడర్ల లెదర్ సూట్ల మీద, మెడ వెనక ఒక మూపురం ఉంటోంది. అడిగితే మంచినీళ్ల సంచికీ, ఎయిర్‌బ్యాగ్ సామానుకీ అంటారు. గాలి మాత్రం దాని మీదుగా చాలా సాఫీగా జారిపోతోంది. ఎవరైనా పెద్దలు సమాఖ్యకి ఒక అర్జీ పడేస్తే బాగుండు.