కోత ముగింపు మీద పడితే

నవల సినిమాగా రాగానే ఫలానా సన్నివేశం ఎగరగొట్టారని పాఠకులు నొచ్చుకుంటారు. కానీ నాలుగు వందల పేజీల పుస్తకాన్ని రెండు గంటల్లో, అంటే దాదాపు 120 పేజీల స్క్రిప్టులో ఇమడ్చాలంటే కోత తప్పదు. అది ఎక్కడ పడిందన్నదే అసలు సంగతి.

ఆంథోనీ బర్జెస్ ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ (1962)లో 21 అధ్యాయాలున్నాయి. చివరిదాంట్లో హింసే సరదాగా బతికిన కథానాయకుడు అలెక్స్‌కు దాని మీద మొహం మొత్తుతుంది. పెళ్లి, బిడ్డ అన్న ఆలోచనలు మొదలవుతాయి. జైలూ, హింసాబుద్ధి మాన్పడానికి చేసిన చికిత్సా మార్చలేని కుర్రాడు తనంతట తానే మారతాడు. మంచిని ఎంచుకునే స్వేచ్ఛ మనిషికే ఉండాలన్న రచయిత వాదనకు బలమంతా అక్కడే ఉంది. అమెరికా ప్రచురణకర్త ఆ అధ్యాయాన్నే తీసేశాడు. అది అక్కడి పాఠకులకు 1986లో గానీ అందలేదు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ 1971లో తీసిన సినిమా కూడా ఇరవయ్యో అధ్యాయం దగ్గరే ఆగింది. ఇరవై ఒకటోది నమ్మేలా లేదని ఆయన అభిప్రాయం. దాంతో తెర మీద అలెక్స్ పాత అలెక్స్‌గానే మిగిలాడు.

‘ది నేచురల్’ సంగతి మరీ సూటి. బెర్నార్డ్ మాలమడ్ నవల (1952)లో లంచానికి ఒప్పుకున్న బేస్‌బాల్ ఆటగాడు చివరి బంతిని కొట్టలేక అవుటవుతాడు. 1984 నాటి సినిమాలో అతనే హోమ్ రన్ కొట్టి గెలిపిస్తాడు.

కుబ్రిక్ తెలిసే మార్చాడు, దానికి జవాబుదారీ కూడా ఆయనే. నవలతో వాదించే హక్కు దర్శకుడికి ఉందనే మేమూ అంటాం. మా అభ్యంతరమల్లా ఎవరూ నిర్ణయించకుండానే జరిగిపోయే మార్పు మీద. నిడివి తగ్గించాల్సి వస్తే ముందు వేటు పడేది చిన్న పాత్రల మీదే. నాయకుడి తప్పు వల్ల నష్టపోయిన మనిషి తరచూ అలాంటి చిన్న పాత్రే. ఆ మనిషి కనిపించే ఒకటి రెండు సన్నివేశాలు పోతే తప్పు ఉంటుంది, బాధితుడు ఉండడు. ప్రేక్షకుడు నాయకుణ్ని ఇట్టే క్షమించేస్తాడు. పైగా నవలలో నాయకుణ్ని తప్పుపట్టే కథకుడి గొంతు తెర మీదికి రాదు. క్లోజప్‌లో కనిపించే అందమైన నటుడి ముఖం మాత్రం వస్తుంది.

అందుకే స్క్రిప్టు మొదలుపెట్టేముందే ఒక కాగితం మీద రాసుకోవాలి: నవలలో ఎవరి తప్పుకు ఎవరు, ఏ మూల్యం చెల్లించారు? మొదటి ప్రతి పూర్తయ్యాక ఒకసారి, ఎడిటింగ్ ముగిశాక మరోసారి దాన్ని పక్కన పెట్టుకుని చూడాలి. తేడా వస్తే అది కావాలని చేసిందో, నిడివి కోసం జరిగిందో దర్శకుడూ రచయితా అప్పుడే తేల్చుకోవాలి. విడుదలయ్యాక ఇంటర్వ్యూల్లో సంజాయిషీలు వెతుక్కుంటే లాభం లేదు.