తలలో చేరిన నీరు మందులతో ఎండిపోతుందా?

పసిబిడ్డల తలలో నీరు చేరే జబ్బు గురించి ఒక సందేశం కొంతకాలంగా ఫోన్ల నిండా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: తల పెద్దదవుతున్నా కంగారు అక్కర్లేదు, మాడు పూడేసరికి అదే సర్దుకుంటుంది, నీటిని మందులతో ఎండించవచ్చు, లేదంటే నడుములో సూది గుచ్చి తీయించవచ్చు, మెదడులో గొట్టం వేయిస్తే బిడ్డకు తెలివి మందగిస్తుంది, గొట్టం లేని ఆపరేషన్ ఉన్నా డాక్టర్లు దాస్తారు, పైగా వేసిన గొట్టం ఎలాగూ పాడవుతుంది కాబట్టి అసలు వేయించకపోవడమే మేలు. వీటిలో గొట్టం పాడవుతుందన్నది ఒక్కటే పూర్తి నిజం. తక్కినవన్నీ ఆ నిజం చాటున నమ్మకం సంపాదించుకున్నాయి కనుక, ఒక్కొక్కటీ విడదీసి చూడవలసి ఉంది.

“నీటిని ఎండించవచ్చు” అన్న మాటతో మొదలుపెడదాం, ఎందుకంటే చాలా పొరపాట్లకు వేరు అక్కడే ఉంది. తలలోని నీరు ఎక్కడినుంచో వచ్చి చేరిన చెడునీరు కాదు. మెదడు లోపలి గదుల్లో, అంటే వెంట్రికల్స్‌లో, ఎడతెగకుండా ఊరే మస్తిష్క మేరుద్రవం అది. పెద్దవారిలో రోజుకు దాదాపు అర లీటరు ఊరుతుంది, కాని ఏ క్షణాన చూసినా తలలోనూ వెన్నులోనూ కలిపి ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే. అంటే ఉన్నదంతా రోజుకు మూడుసార్లకు పైగా రక్తంలోకి ఇంకిపోయి, కొత్తది వస్తుంటుంది. పసిబిడ్డలో పరిమాణాలు తక్కువే గాని ఏర్పాటు ఇదే. మూడో గదికీ నాలుగో గదికీ మధ్యనున్న సన్నని కాలువ పుట్టుకతోనే మూసుకుపోయినా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మెదడులో రక్తస్రావమై దారులు పూడినా, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వల్ల మచ్చలు కట్టినా, చిన్నమెదడు దగ్గర కణితి అడ్డుపడినా, ఊరిన నీరు పోయే దారిలేక గదులు ఉబ్బుతాయి. ఈ రోజు ఎలాగో ఎండించినా రేపటికి మళ్లీ ఊరుతుంది.

ఊట తగ్గించే మందులు లేవా అంటే, ఉన్నాయి: అసిటజోలమైడ్, ఫ్యూరోసెమైడ్. ఆ ఆలోచన తెలివితక్కువదేమీ కాదు, వైద్యులే దాన్ని పరీక్షించారు. రక్తస్రావం తర్వాత తలలో నీరు చేరిన పసికందుల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1998లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. ఈ మందులిచ్చిన పిల్లలకు షంట్, అంటే మెదడులోని నీటిని సాధారణంగా పొట్టలోకి మళ్లించే ఆ గొట్టం, అవసరం తప్పలేదు సరికదా, మందులివ్వని పిల్లలకంటే వారి పరిస్థితే అధ్వాన్నంగా తేలింది. మందులతో ఎవరైనా ప్రయత్నించారా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది: ప్రయత్నించారు, లెక్క చూశారు, మానుకున్నారు.

నడుములో సూది గుచ్చి నీరు తీయడం కొందరు పసికందుల్లో కొన్నాళ్లపాటు పనికివస్తుంది, అదీ గదులకూ వెన్నులోని ద్రవానికీ మధ్య దారి తెరిచి ఉన్నప్పుడే. అడ్డంకి పైన ఉంటే కింద ఎంత తీసినా పైనున్న ఒత్తిడి దిగదు; కణితి ఉన్న బిడ్డలోనైతే కింద ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, మెదడు పుర్రె అడుగు రంధ్రంలోకి జారి ప్రాణం మీదికి రావచ్చు. స్కాన్ చూడకుండా సూది పట్టకపోవడానికి కారణం ఇదే.

ఇక తల చుట్టుకొలత సంగతి. ఇక్కడ ఆధారం ఒక మామూలు టేపు. దాన్ని కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు దాకా తిప్పి, మూడుసార్లు కొలిచి, పెద్ద అంకెను రాసుకోవాలి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. మొదటి మూడు నెలల్లో నెలకు దాదాపు 2 సెంటీమీటర్లు, తర్వాతి మూడు నెలల్లో నెలకు 1, అటుపై ఏడాది నిండేదాకా నెలకు అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఒక్క కొలతతో ఏమీ తేలదు. తండ్రి తలే పెద్దదైతే బిడ్డ తలా పెద్దదిగానే ఉండవచ్చు, అందులో జబ్బేమీ లేదు. వరుస కొలతలు గ్రాఫులో తమ గీతను వదిలి పైగీతలను దాటుతుంటే మాత్రం ఆగకూడదు. ఏడవకుండా, నిటారుగా కూర్చోబెట్టినప్పుడు కూడా మాడు బిగిసి ఉబ్బి ఉండటం, నెత్తి మీద నరాలు తేలడం, నల్లగుడ్లు కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనిపించడం, వాంతులు, మత్తు దానికి తోడైతే అదే రోజు చూపించాలి. మాడు పూడితే సర్దుకుంటుందన్న మాట పూర్తిగా తలకిందులు. పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు కాబట్టే పసిబిడ్డ తల సాగి, ఒత్తిడిని కొంత భరిస్తుంది. అవి అతుక్కున్నాక ఆ వెసులుబాటు ఉండదు, ఒత్తిడి అంతా మెదడే మోయాలి.

తెలివి మందగిస్తుందన్న భయం సహజమే, కాని అది నిందిస్తున్నది వేరొకరిని. షంట్ ఉన్న పిల్లల్లో కొందరికి చదువులో ఇబ్బందులుంటాయి, కొందరు తోటివారితో సమానంగా చదువుతారు. ఈ తేడాను ఎక్కువగా తెచ్చేవి మొదటి రక్తస్రావమో, ఇన్‌ఫెక్షనో, చికిత్స అందేలోపు మెదడు మోసిన ఒత్తిడో. రెండు, మూడు మిల్లీమీటర్ల మందమున్న గొట్టం కాదు. వానలో తడిసినవాళ్ల చేతిలో గొడుగు కనబడితే, వాన గొడుగే తెచ్చిందనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

గొట్టం లేని ఆపరేషన్‌ను ఎవరూ దాచలేదు. ఎండోస్కోప్ అనే సన్నని కెమెరా పరికరంతో మూడో గది అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి కొత్త దారి ఇచ్చే ఆ పద్ధతిని విలియం మిక్స్‌టర్ అనే సర్జన్ 1923లోనే చేశాడు. సన్నని కాలువ మూసుకుపోయిన పెద్ద పిల్లల్లో అది బాగా పనిచేస్తుంది. ఆరు నెలలలోపు పసికందుల్లో, ఇన్‌ఫెక్షన్ తర్వాత జబ్బు వచ్చినవారిలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఉగాండాలో బెంజమిన్ వార్ఫ్ అనే న్యూరోసర్జన్ దీనికి నీరు ఊరే కణజాలాన్ని కాల్చే పద్ధతిని జోడించాడు. అక్కడే 100 మంది పసిపిల్లల్లో ఈ జంట పద్ధతినీ షంట్‌నూ పోల్చిన అధ్యయనం 2017లో వెలువడింది. ఏడాది తర్వాత పిల్లల తెలివితేటల కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏ బిడ్డకు ఏది అన్నది వయసును, కారణాన్ని, స్కాన్‌ను చూసి తేల్చవలసిన విషయం. పైగా ఆ రంధ్రం కూడా ఎప్పుడైనా హఠాత్తుగా మూసుకుపోవచ్చు.

చివరిగా, ఆ సందేశంలోని నిజం. షంట్లు పాడవుతాయి. 344 మంది పిల్లల్లో మూడు రకాల వాల్వులను (షంట్‌లో నీటి ప్రవాహాన్ని అదుపుచేసే భాగం) పోల్చిన అధ్యయనంలో, ఏ వాల్వు వేసినా ఏడాదిలోపు దాదాపు పదింటిలో నాలుగు విఫలమయ్యాయి. ఏదీ మిగతావాటికంటే మెరుగనిపించుకోలేదు. పై కొన మెదడు కణజాలంతో మూసుకుపోవచ్చు, గొట్టం విరగవచ్చు, సూక్ష్మక్రిములు చేరవచ్చు, బిడ్డ ఎదిగేకొద్దీ పొట్టలోని కొన పైకి లాగబడవచ్చు. ఇంటికి పంపేటప్పుడు ఈ మాట స్పష్టంగా చెప్పని వైద్యులే ఇలాంటి సందేశాలకు సగం బలం ఇస్తున్నారని నా అభిప్రాయం. అయితే పాడైన షంట్‌ను మార్చవచ్చు. చికిత్సే లేని పసిబిడ్డల్లో చాలామంది చనిపోతారు, బతికినవారిలో చూపు పోయినవారు, కదలలేనివారు ఎందరో. నేటి వాల్వుకు దారితీసిన కథ కూడా అలాంటి ఇంట్లోనే మొదలైంది: జాన్ హోల్టర్ అనే సాంకేతిక నిపుణుడు 1955లో ఈ జబ్బుతో పుట్టిన తన కొడుకు కోసం సిలికాన్ వాల్వును తయారుచేస్తే, ఫిలడెల్ఫియాలో సర్జన్ యూజీన్ స్పిట్జ్ 1956లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు.

కాబట్టి షంట్ ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు కావలసినది వేరే సందేశం. తెల్లవారుజామున తలనొప్పి, ఆగని వాంతులు, అకారణమైన మత్తు, గొట్టం వెంబడి ఎరుపు లేదా వాపు, జ్వరం, పసిబిడ్డలో మళ్లీ బిగిసిన మాడు కనిపిస్తే “కడుపులో తేడా చేసిందేమో” అని రెండు రోజులు ఆగకూడదు. చెవి వెనక చర్మం కింద చిన్న బుడిపెలా వేలికి తగిలే వాల్వును నొక్కి చూసి, బాగానే ఉందని ఇంట్లో తీర్పు చెప్పకూడదు. వాల్వు పేరు, అమర్చిన ఒత్తిడి అంకె, చివరి ఆపరేషన్ తేదీ ఒక కాగితం మీద రాసి ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఒత్తిడిని బయటినుంచి మార్చగల వాల్వు అయితే ప్రతి ఎం.ఆర్.ఐ. తర్వాత ఆ అంకెను సరిచూడమని అడగాలి. బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసిన స్కాన్ కాపీ కూడా ఆ కాగితంతోనే ఉండాలి. అర్ధరాత్రి కొత్త ఊరి ఆసుపత్రిలో, గదులు ఉబ్బాయా లేక ఈ బిడ్డకు ఎప్పుడూ ఇంతేనా అన్నది డ్యూటీ డాక్టరు తేల్చుకోవడానికి పక్కన పెట్టి చూడగలిగేది ఆ పాత స్కానే.