అన్న ఘనాకు, తమ్ముడు స్పెయిన్‌కు: ఇనాకీ విలియమ్స్‌పై ఒక వాదోపవాదం

ఇనాకీ విలియమ్స్ 1994లో స్పెయిన్‌లోని బిల్బావోలో, ఘనా నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టాడు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు అథ్లెటిక్ క్లబ్‌లో స్ట్రైకర్‌గా, అంటే గోల్స్ కొట్టే ముందు వరుస ఆటగాడిగా పేరు తెచ్చుకున్నాడు. 2016లో స్పెయిన్ తరఫున ఒకే ఒక్క స్నేహపూర్వక మ్యాచ్ ఆడి, 2022లో ఘనా జట్టులో చేరాడు. ఆ చేరిక న్యాయమేనా అన్నది ఇక్కడి తగవు. పాత శాస్త్రచర్చల పద్ధతిలో అభ్యంతరం చెప్పేవారిని పూర్వపక్షి అనీ, బదులు చెప్పేవారిని సిద్ధాంతి అనీ పిలిచాను. నేను సిద్ధాంతి వైపు మనిషినని ముందే ఒప్పుకుంటున్నాను. అయినా పూర్వపక్షి నోరు నొక్కలేదు.

పూర్వపక్షి: ఆరేళ్లపాటు స్పెయిన్ పిలుపు రాక, ఇక రాదని తేలాక, ప్రపంచ కప్ నాలుగు నెలల్లో ఉందనగా ఘనా గుర్తుకు రావడాన్ని మూలాల మీద మమకారం అనుకోమంటారా? 2022 జూలైలో ప్రకటన, నవంబరులో పోటీ. ఆ పోటీకి ఘనాను చేర్చినవారు వేరే ఉన్నారు. మార్చిలో నైజీరియాను సొంత గడ్డ కుమాసీలో 0-0తో, వారి అబూజాలో 1-1తో నిలువరించి, ప్రత్యర్థి గడ్డ మీద కొట్టిన ఆ ఒక్క గోల్ లెక్కన అర్హత సంపాదించింది వారు. దున్నినప్పుడూ నాటినప్పుడూ కనబడని మనిషి నూర్పిళ్ల వేళకు కళ్లంలో ప్రత్యక్షమయ్యాడు.

సిద్ధాంతి: మీరు చెప్పిన తేదీలన్నీ సరైనవే. అయితే మీ కథ 2016లో మొదలవుతోంది, నేను ఇంకొంచెం వెనక నుంచి మొదలుపెడతాను. అతని తల్లిదండ్రులు ఘనా విడిచి, సహారాలో చాలా దూరం కాలినడకన సాగి, ఆఫ్రికా గడ్డ మీదే స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మెలియా పట్టణపు కంచె ఎక్కి అవతలికి దిగారు. కాలే ఇసుకలో నడిచిన తండ్రి అరికాళ్లు ఆ బాధను ఇప్పటికీ మోస్తున్నాయి. అప్పుడు తల్లి కడుపులో ఉన్నది ఇనాకీయే. పట్టుబడ్డాక, వెనక్కి పంపకుండా ఉండాలంటే అంతర్యుద్ధం నడుస్తున్న లైబీరియా నుంచి వచ్చామని చెప్పమని ఒక న్యాయవాది వారికి సలహా ఇచ్చాడు. వారు అలాగే చెప్పి ఆశ్రయం కోరారు. బిల్బావోలో తమను ఆదుకున్న ఒక చర్చి మనిషి పేరునే, బిల్బావో ఉన్న బాస్క్ ప్రాంతపు అచ్చమైన పేరును, పుట్టిన బిడ్డకు పెట్టుకున్నారు. ఈ ప్రయాణమంతా ఎలా జరిగిందో తల్లి అతనికి పూర్తిగా చెప్పింది అతను ఎదిగిన తరువాతనే. ఇప్పుడు చెప్పండి: స్పెయిన్‌లో నిలబడటానికి తమది ఘనా కాదని తల్లిదండ్రులు చెప్పుకోవలసి వచ్చింది. వారి కొడుకు ముప్ఫయ్యో ఏడు రాకముందే వీపు మీద ఆ ఇంటి పేరుతో ఘనా చొక్కా తొడుక్కున్నాడు. దీనిని నాలుగు నెలల ముందు పుట్టిన ఆలోచన అని కొట్టిపారేయగలరా?

పూర్వపక్షి: ఆ కథ ఎవరినైనా కదిలిస్తుంది, నన్నూ కదిలించింది. అయితే అదే తల్లికి 2002లో పాంప్లోనాలో నికో పుట్టాడు. అన్న ఘనా వైపు వెళ్లిన రెండు నెలలకే, 2022 సెప్టెంబరులో, తమ్ముడు స్పెయిన్‌కు ఆడాడు. ఎడారి కథ ఇద్దరికీ ఒక్కటే, పెరిగిన ఇల్లూ ఒక్కటే. ఒకరికి స్పెయిన్ నుంచి పిలుపు వచ్చింది, ఒకరికి రాలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

సిద్ధాంతి: ఆ నిర్ణయంలో పిలుపు రాకపోవడానికి వాటా లేదని నేను అనను, అంటే అబద్ధమవుతుంది. కానీ మీరు తమ్ముడిని సాక్షిగా పిలిచి అన్నకు శిక్ష వేస్తున్నారు. ఇద్దరికీ ఎనిమిదేళ్ల తేడా. తండ్రి పని కోసం ఏళ్ల తరబడి లండన్‌లో ఉంటే, ఇంట్లో ఆ లోటు తీర్చి తమ్ముడిని చూసుకున్నది ఇనాకీ. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే బాల్యం దొరకదు. అన్నిటికీ మించి, రెండు దేశాలతో సంబంధమున్నవాడికి ఎంచుకునే హక్కు ఉందంటే, అన్నదమ్ములు చెరొక వైపు వెళ్లడమే ఆ హక్కు నిజంగా ఉన్నదనడానికి గుర్తు. బోటెంగ్ సోదరులను చూడండి. జెరోమ్ జర్మనీకి, కెవిన్-ప్రిన్స్ ఇదే ఘనాకు ఆడి, 2010 ప్రపంచ కప్‌లో ఎదురెదురుగా నిలబడ్డారు. ఇక స్పెయిన్ మాటకొస్తే, ఆ దేశ అభిమానులకు ఇనాకీని తప్పుపట్టే అర్హత అసలే లేదు. బ్రెజిల్‌లోని లగార్తోలో పుట్టిన డియేగో కోస్టా 2013 మార్చిలో బ్రెజిల్ తరఫున ఇటలీతో, రష్యాతో రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి, అదే ఏడాది స్పెయిన్‌ను ఎంచుకున్నాడు. బ్రెజిల్ ప్రేక్షకులు 2014 ప్రపంచ కప్‌లో అతను బంతి తాకినప్పుడల్లా ఈసడించారు. స్పెయిన్ మాత్రం ఎర్ర చొక్కా ఇచ్చి ముందు వరుసలో నిలబెట్టింది. స్నేహపూర్వక మ్యాచ్‌లు మాత్రమే ఆడినవాడు మరో దేశానికి మారవచ్చునన్న ఫిఫా నియమం కోస్టాకు ఏ తలుపు తెరిచిందో ఇనాకీకీ అదే తలుపు తెరిచింది.

పూర్వపక్షి: పోలిక కుదరలేదు. కోస్టా స్పెయిన్‌లో ఏళ్ల తరబడి బతికాడు, అక్కడి క్లబ్బులకు ఆడాడు, అక్కడి పౌరసత్వం సంపాదించాడు. ఇనాకీ ఘనాలో కాపురమున్నదెప్పుడు? సెలవులకు చుట్టపుచూపుగా వెళ్లిరావడం తప్ప.

సిద్ధాంతి: అయితే మీకు కొలమానం రక్తమా, నివాసమా? రక్తమే అయితే ఇనాకీ ఘనావాడు, మీ అభ్యంతరం అక్కడితో తీరిపోవాలి. నివాసమే అయితే అతను నూటికి నూరుపాళ్లు స్పెయిన్‌వాడు. మరి ఆ స్పెయిన్ అతనిని బోస్నియాతో ఆడిన ఒక్క మ్యాచ్‌లో కాసేపు దింపి ఆరేళ్లు పక్కన పెట్టినప్పుడు మీరెవరూ అడగలేదు. 2020 జనవరిలో బార్సిలోనా శివార్లలోని ఒక స్టేడియంలో అతని ఒంటి రంగును వెక్కిరిస్తూ కోతి అరుపులు అరిచినవారికి అతను ఏ ఊళ్లో పెరిగాడో అక్కరలేకపోయింది. ఏ కొలతతో చూసినా తప్పు అతనిదే అయ్యేటట్టు త్రాసు పట్టుకోకండి.

పూర్వపక్షి: సరే, నా త్రాసును పక్కన పెడతాను, అతని త్రాసుతోనే తూచుదాం. ఘనా గురించి ఇంతకు ముందు అడిగినప్పుడు ఇనాకీ ఒక ముఖాముఖిలో ఏమన్నాడో మీకు తెలియనిది కాదు. తాను అక్కడ పుట్టలేదని, పెరగలేదని, తన సంస్కృతి ఇక్కడిదని, ఘనాను మనసారా తమదనుకునే ఆటగాళ్లు ఉండగా వారి స్థానాన్ని తాను తీసుకోవడం సరికాదని చెప్పాడు. నేను ఇంతసేపూ అన్నది ఇదే.

సిద్ధాంతి: ఈ దెబ్బ తగిలింది. ఆ మాట అతను అన్నాడు, తరువాత దానికి భిన్నంగా నడుచుకున్నాడు. 2022లో ఘనా వెళ్లి బంధువులను కలిసినప్పుడు మనసు మారిందనీ, తాత కోరిక కూడా అందులో ఉందనీ అతని వైపు నుంచి వచ్చిన వివరణ. మీరు దానిని సాకు అనవచ్చు. నేను మాత్రం, ఇరవై ఏడేళ్లకో ఎనిమిదేళ్లకో మనిషి తన పుట్టుపూర్వోత్తరాల గురించి మాట మార్చుకోకూడదన్న నియమం ఎక్కడిదని అడుగుతాను. అతని స్వభావాన్ని ఇతర చోట్ల కూడా చూడండి. వేరే క్లబ్ తనను తీసుకుపోవాలంటే 135 మిలియన్ యూరోలు కట్టాలని రాసుకుని 2028 వరకు పుట్టిన ఊరి క్లబ్‌తో ఒప్పందం చేసుకున్నవాడు అతను. 2016 ఏప్రిల్ నుంచి 2023 జనవరి వరకు స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్ లా లీగాలో ఒక్కటీ తప్పకుండా వరుసగా 251 మ్యాచ్‌లు ఆడాడు. ఎటు గాలి వీస్తే అటు వాలేవాడు అలా ఆడడు.

పూర్వపక్షి: ఇది మన తగవు కాకపోయినా వదలబుద్ధి కావడం లేదు. ఆ 251లో అతని గొప్ప ఎంత, క్లబ్ అవసరం ఎంత? బాస్క్ ప్రాంతంలో పుట్టినవారినో అక్కడ ఆట నేర్చినవారినో తప్ప అథ్లెటిక్ తీసుకోదు. మిగిలిన క్లబ్బులు ప్రపంచమంతా గాలించి స్ట్రైకర్లను కొంటుంటే, వీరు ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలి. అటువంటి చోట చోటు పోగొట్టుకోవడమే కష్టం.

సిద్ధాంతి: అంతకు ముందు రికార్డు లారన్యాగాది, 202 మ్యాచ్‌లు. దానిని ఒకరు దాటడానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది.

పూర్వపక్షి: అతను ఆడినదెక్కడ? రియల్ సొసియెదాద్‌లో. అదీ బాస్క్ క్లబ్బే, చాలాకాలం అదే కట్టుబాటు పాటించినదే. నా మాటకు మీరే సాక్ష్యం తెచ్చారు.

సిద్ధాంతి: పోటీ తక్కువైతే గాయాలు తగలవా? పాదంలో గాజుముక్క దిగి ఉండగా దాదాపు రెండేళ్లు ఆడానని అతను తరువాత బయటపెట్టాడు. దానిని కూడా క్లబ్ కట్టుబాటు ఖాతాలో రాస్తారా?

పూర్వపక్షి: అతని ఓర్పును నేను శంకించలేదు, గోల్‌ను శంకిస్తున్నాను. స్ట్రైకర్‌ను కొలిచేది దానితోనే. సొంత క్లబ్బే 2023–24లో గోరుకా గురుసేతాను మధ్యలో నిలబెట్టి ఇతనిని కుడి అంచుకు జరిపింది. ఇక ఘనాకు ఏమి ఒరిగింది? ఖతార్ ప్రపంచ కప్‌లో ఘనా కొట్టిన అయిదు గోల్స్‌లో ఇతనిది ఒక్కటీ లేదు. 2024 జనవరిలో జరిగిన ఆఫ్రికా కప్‌లోనూ లేదు. మొదటి గోల్ చూడటానికి 2023 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది.

సిద్ధాంతి: ఆ గోల్ ఎప్పుడు వచ్చిందో కూడా చెప్పండి. కుమాసీలో మడగాస్కర్‌తో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్, తొంభై నిమిషాలు దాటినా ఎవరికీ గోల్ లేదు. అదనంగా కలిపిన సమయంలో ఇతని తల నుంచి వచ్చిన గోల్‌తోనే ఘనా 1-0తో గెలిచింది. ఖతార్ మాట ఎత్తారు కాబట్టి పోర్చుగల్ మ్యాచ్ చివరి క్షణాలను గుర్తు చేస్తాను. ఘనా 2-3తో వెనుకబడి ఉంది. గోల్‌కీపర్ డియోగో కోస్టా బంతిని నేల మీద పెట్టి తీరిగ్గా చూస్తున్నాడు, తన వెనకే ఒక మనిషి పొంచి ఉన్నాడని ఎరగడు. ఇనాకీ వెనక నుంచి వచ్చి బంతిని లాగాడు, అదే క్షణంలో కాలు జారింది. జారకపోతే ఘనాకు ఒక పాయింటు దక్కి ఉండేది. ఓడిన మ్యాచ్ ఆఖరి నిమిషంలో, అందరూ చేతులు వదిలేసిన వేళ, గోల్‌కీపర్ వీపు వెనక కాచుకుని నిలబడిన మనిషిని మీరు సగం మనసుతో ఆడినవాడు అంటున్నారు. నాకు గోల్ లెక్క కన్నా ఆ కాచుకోవడం ముఖ్యం. అందుకే నా వాదన ఇది: ఏ కారణంతో వచ్చాడో తవ్విచూడటం మన పని కాదు, అది అతనికే పూర్తిగా తెలియకపోవచ్చు. వచ్చాక ఎలా ఆడాడన్నదే మనం చూడగలిగినది, చూడవలసినది.

పూర్వపక్షి: సరే, వచ్చాక జరిగినదే చూద్దాం. 2024 జనవరి 22న మొజాంబిక్‌తో ఘనా 2-2తో చతికిలబడి ఆఫ్రికా కప్ నుంచి నిష్క్రమణ అంచుకు చేరింది. సరిగ్గా రెండు రోజులకు, 24న, ఇతను బిల్బావోలో బార్సిలోనాపై అథ్లెటిక్ తరఫున బరిలో దిగి అదనపు సమయంలో గోల్ కొట్టాడు. అక్కడ రాని గోల్ ఇక్కడికి రాగానే వచ్చింది. ఘనా అభిమాని ఒకరు ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని ఉంటే ఏమనుకుని ఉంటారు?

సిద్ధాంతి: నొచ్చుకుని ఉంటారు, ఆ నొప్పిని నేను కాదనలేను. ఆ మ్యాచ్‌లో తమ్ముడూ గోల్ కొట్టాడు, ఏప్రిల్‌లో అదే జట్టు నలభై ఏళ్ల తరువాత స్పెయిన్ రాజు కప్ గెలిచింది. మూడు నెలలు తిరిగాక నికో బెర్లిన్‌లో యూరో ఫైనల్‌లో స్పెయిన్‌కు తొలి గోల్ చేశాడు. చూసేవారికి అదృష్టమంతా ఒకవైపే పోగుపడినట్టు అనిపిస్తుంది. కానీ క్లబ్‌లో ఏళ్ల తరబడి కలిసి ఆడినవారి మధ్య వచ్చే గోల్‌ను, ఏడాదికి నాలుగైదుసార్లు కలుసుకునే జాతీయ జట్టులో రాని గోల్‌తో పోల్చి మనసు కొలవలేము. ఈ తేడా ఘనాలో పుట్టి యూరప్‌లో ఆడే ప్రతి ఆటగాడికీ ఉంది.

పూర్వపక్షి: మొదట అడిగినదానికి మీరింకా బదులు చెప్పలేదు. అబూజాలో ఆడి, ఖతార్ విమానం ఎక్కలేకపోయినవారికి ఏమి చెబుతారు?

సిద్ధాంతి: చెప్పగలిగింది లేదు. ఎంపిక శిక్షకుడిదనీ, ఇనాకీ ఎవరినీ చేయి పట్టి లాగెయ్యలేదనీ అనవచ్చు. అది నిజమే, కానీ ఇంట్లో కూర్చుని మ్యాచ్ చూసినవాడికి అది జవాబు కాదు. ఈ ఒక్క చోట ఇనాకీ మొదట అన్న మాటే నా వాదన కన్నా బరువుగా ఉంది.