బతుకమ్మను ఇంట్లో పేర్చుకొని రావద్దు

రోమ్ నుంచి ఉత్తరానికి రెండు గంటలు వెళ్తే బొల్సేనా వస్తుంది. సుమారు నాలుగు వేల మంది ఉండే ఊరు. అగ్నిపర్వతాల నేల కుంగి ఏర్పడిన సరస్సుల్లో ఐరోపాలోకెల్లా పెద్దది దాని ముందే ఉంది. మొదటిసారి ఈతకని వెళ్లాం. ఇప్పుడు ఆ ఊరి పండగలకి వెళ్తున్నాం.

1263లో అక్కడి చర్చిలో పూజ జరుగుతుండగా గురువు చేతిలోని అప్పం (పూజలో పంచే రొట్టె) నుంచి రక్తం కారిందని నమ్మకం. మరుసటి ఏడే పోప్ నాలుగో అర్బన్, కోర్పుస్ దోమిని అనే క్రీస్తు శరీర పండగను చర్చి అంతా జరుపుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పండగ రోజు బొల్సేనా వీధుల్లో పూలతో తివాచీలు పరుస్తారు. ఇన్ఫియొరాత అంటారు దాన్ని. నేల మీద సుద్దతో గీసిన బొమ్మను రేకులతో, తరిగిన ఆకులతో నింపుతారు. జినెస్త్రా అనే పసుపు పువ్వును చూస్తే నాకు తంగేడు గుర్తొచ్చింది. వీధిలో వంగి పని చేస్తున్న ఒక పెద్దావిడ, మేం ఎవరమని కూడా అడక్కుండా, మా అమ్మాయి చేతికి పూల సంచి ఇచ్చి ఒక మూల చూపించింది. రెండు గంటలు మోకాళ్ల మీద కూర్చుంది మా పిల్ల. వేళ్లన్నీ పసుపు. తర్వాత ఊరేగింపు ఆ తివాచీ మీదుగానే నడిచి వెళ్లిపోయింది. తన మూల ఏమైందో చూసుకోవడానికి అది జనం వెనకాలే పరిగెత్తింది.

జూలై 23 రాత్రి, 24 పొద్దున సాంత క్రిస్తీనా అనే పునీతురాలి పండగ. ఆ అమ్మాయి మెడకు రాయి కట్టి కన్నతండ్రే సరస్సులో తోయిస్తే, రాయి మునగకుండా ఆమెను తేల్చిందని కథ. ఆమె పాదాల గుర్తులని చెప్పే రాయి ఇప్పటికీ చర్చిలో ఉంది. విగ్రహం ఊరేగుతుంటే కూడళ్లలో చెక్క వేదికల మీద ఆమె పడిన హింసలను ఊరివాళ్లే వేషాలు కట్టి చూపిస్తారు. మొత్తం పది దృశ్యాలు. తెర తీశాక ఎవరూ కదలరు, మాట్లాడరు. విగ్రహం దాటిపోయేదాకా శిలల్లా నిలబడతారు. క్రిస్తీనా వేషం కట్టిన పిల్ల కణత మీద చెమట చుక్క జారింది. తుడుచుకోలేదు. మైకు లేదు, స్పాన్సర్ల పేర్లు చదవడం లేదు.

మన బతుకమ్మ అలా ఎందుకు లేదని ఆ రాత్రి తిరిగి వస్తూ చాలాసేపు ఆలోచించాను. ఇటలీలో మా తెలుగువాళ్ల బతుకమ్మకి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ముందు రాత్రి నిద్ర మానుకొని పేరుస్తారు. మిగతావాళ్లం ముస్తాబై వచ్చి ఫొటోలు దిగుతాం, నాలుగు గంటలు స్టేజీ ప్రోగ్రాం చూస్తాం, భోంచేసి వెళ్తాం. ఊళ్లో కూడా ఇంట్లోనే పేర్చుకొని వచ్చేవారు కదా అంటారు. నిజమే. కానీ అక్కడ ఇంటినిండా మనుషులు. పువ్వు తెంపేవాళ్లు ఒకరు, గునుగుకు రంగులద్దేవాళ్లు ఒకరు, పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకునే పిల్లలు ఇంకొందరు. ఇక్కడ ఫ్లాటులో అమ్మ ఒక్కతే. మూడు నెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మకేమో, అన్నీ తెలిసిన మనిషికి, మొదటి వరసలో కుర్చీ వేసి కూర్చోబెడుతున్నాం.

మన పండగ కమిటీకి నా విన్నపం. ఈసారి హాలు పొద్దున తొమ్మిదికే తీయించండి. నేల మీద దుప్పట్లు పరుద్దాం. పేర్చడం అయ్యేదాకా మైకు ఆన్ చేయొద్దు. డాన్సులు సగానికి తగ్గినా పర్వాలేదు. అమ్మమ్మలు చెప్తుంటే మగవాళ్లు, పిల్లలు, మన పండగ చూద్దామని వచ్చిన ఇటలీ స్నేహితులు, అందరూ కింద కూర్చోవాలి. వంకరగా వస్తే రానివ్వండి.

మా ఇంటి నుంచి బతుకమ్మ పేర్చడానికి రెండు సిబ్బిలు, నాలుగు కత్తెరలు తెస్తున్నాం.